హంతకుడి కళ్లతో హారర్ రీమేక్: కథ ఎంపిక నుంచి టెస్ట్ షో దాకా

1980లో విలియం లస్టిగ్ తీసిన ‘మేనియాక్’ను 2012లో ఫ్రాంక్ ఖాల్ఫూన్ మళ్లీ తీశాడు. ఊరు న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు మారింది గానీ కథకు వెన్నెముక అదే: ఆడవాళ్లను చంపి, జుట్టుతో సహా నెత్తిచర్మం తెచ్చి షాపు బొమ్మలకు తగిలించుకునే ఒంటరి మనిషి. అసలు మార్పు కెమెరా నిలబడిన చోట ఉంది. సినిమా దాదాపు మొత్తం హంతకుడి కళ్లలోంచే నడుస్తుంది. ప్రధాన పాత్ర వేసిన ఎలైజా వుడ్ ముఖం మనకు ఎక్కువగా అద్దాల్లోనూ గాజు మీద నీడల్లోనూ మాత్రమే కనిపిస్తుంది.

ఇలాంటి రీమేక్‌ను చిన్న బడ్జెట్‌లో తీయాలనుకునేవాళ్లు మొదట అడిగేది రిగ్ (కెమెరాను ఒంటికి బిగించే చట్రం) గురించే. రిగ్ అద్దెకు దొరుకుతుంది. గదిలోకి అడుగుపెట్టగానే హంతకుడు మొదట దేన్ని చూస్తాడు, దేన్ని అసలు పట్టించుకోడు అన్న నిర్ణయం మాత్రం ఎక్కడా అద్దెకు దొరకదు. అది కాగితం మీద తేలకుండా సెట్‌కి వెళితే చేతికొచ్చేది ఊగిపోయే ఫుటేజీ ఒక్కటే. అందుకే ఈ మార్గదర్శిలో ఐదో మెట్టు దాకా కెమెరా సామాను ఊసు రాదు.

1. కథ ఎంచుకోవడం, హక్కులు చూసుకోవడం

అన్ని హారర్ కథలూ ఈ పద్ధతికి లొంగవు. 1980 నాటి ‘ఫ్రైడే ది థర్టీన్త్’లో హంతకుడి చూపుతో తీసిన షాట్లు చాలానే ఉన్నాయి. కానీ అవి ఉన్నది చంపేది ఎవరో దాచడానికి. ఆ కథను పూర్తిగా హంతకుడి వైపు తిప్పితే దాచడానికి ఇంకేమీ ఉండదు, సినిమా అక్కడే కూలిపోతుంది. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న మీద నడిచే కథలను పక్కన పెట్టండి. చంపేది ఎవరో మొదటి అరగంటలోనే తెలిసిపోయే కథలు, హంతకుడు జనం మధ్య మామూలు మనిషిలా బతికే కథలు దీనికి సరిపోతాయి.

హక్కుల విషయంలో మొహమాటం వద్దు. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సినిమా హక్కులు మొదట నిర్మాతవి, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటాయి. నవల అయితే రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ‘ఐడియా ఒక్కటే తీసుకున్నాం’ అనే మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది. ఐడియాకు కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది దాని నకలే అని స్పష్టంగా అనిపిస్తే ఉల్లంఘన అవుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. కోణం మార్చి అవే సీన్లు అదే వరసలో తీస్తే ఆ పరీక్షలో నెగ్గడం కష్టం. రాతపూర్వకంగా రీమేక్ హక్కులు కొనండి, లేదా హక్కుల గడువు తీరిన మూలానికి వెళ్లండి.

అలాంటి మూలం ఒకటి: మేరీ బెలాక్ లౌండ్స్ 1913లో రాసిన ‘ది లాడ్జర్’ నవల. ఆమె 1947లో మరణించింది, కాబట్టి మన చట్టం లెక్కన 2007తో గడువు ముగిసింది. లండన్‌లో గదులు అద్దెకిచ్చి బతికే బంటింగ్ దంపతుల ఇంట్లో స్లూత్ అనే పెద్దమనిషి దిగుతాడు. ఊళ్లో వరుస హత్యలు జరుగుతుంటాయి. ఇంటావిడకు మెల్లగా అనుమానం మొదలవుతుంది. 1927లో హిచ్‌కాక్ దీన్ని మూకీగా తీసి అద్దెకున్నవాణ్ని నిర్దోషిని చేశాడు. 1944లో జాన్ బ్రామ్ తీసినప్పుడు అతనే హంతకుడు. ఇన్నిసార్లు తెరకెక్కిన కథ కాబట్టి తిప్పి చూడటానికి ఇది మంచి సాధన. ఒక జాగ్రత్త: సినిమాలు కొత్తగా చేర్చిన పాత్రలు, సీన్లు ముట్టుకోవద్దు. నవలలో ఉన్నదే వాడుకోండి.

2. మూడు రకాల చూపుల్లో ఒకటి తేల్చుకోవడం

మొదటిది పూర్తి కన్ను: కెమెరాయే హంతకుడు. రెండోది వెన్నంటి చూపు: కెమెరా హంతకుడి వెనక రెండు మూడు అడుగుల దూరంలో నడుస్తుంది. 2024లో క్రిస్ నాష్ ‘ఇన్ ఎ వయొలెంట్ నేచర్’ను చాలావరకు ఇలాగే తీశాడు. అది రీమేక్ కాదు గానీ పద్ధతి నేర్చుకోవడానికి పనికొస్తుంది. మూడోది హంతకుడే ప్రధాన పాత్రగా మామూలు కెమెరాతో తీయడం. భారతీరాజా ‘ఎర్ర గులాబీలు’ చూసిన తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్త కాదు.

పూర్తి కన్ను అన్నిటికంటే బలమైనదని చాలామంది అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. మనిషి మీద జాలి గానీ భయం గానీ పుట్టేది అతని ముఖం చూసినప్పుడు. కళ్లలోంచి చూపిస్తే ముఖమే మాయమవుతుంది. 1947లో రాబర్ట్ మాంట్‌గోమరీ ‘లేడీ ఇన్ ది లేక్’ను దాదాపు మొత్తం డిటెక్టివ్ కళ్లలోంచి తీసి, తనే ఆ పాత్ర వేసి, అద్దాల్లోనూ కథ చెప్పే కొన్ని చోట్లా తప్ప పెద్దగా కనిపించలేదు. ఈరోజు చూస్తే నటులు గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది. ‘మేనియాక్’ రీమేక్ ఆ గుంటలో పడకపోవడానికి కారణం అద్దాలు, చేతులు, గొంతు, ఒకటి రెండు చోట్ల కెమెరా కళ్లలోంచి బయటికొచ్చి హంతకుణ్నే చూపించడం.

షార్ట్ ఫిల్మ్‌కైతే పూర్తి కన్ను 15 నిమిషాల దాకా నిలుస్తుంది. రెండు గంటల సినిమాకైతే పూర్తి కన్నును వెన్నంటి చూపుతో కలపండి, ఎక్కడ కలుపుతున్నారో నియమం పెట్టుకోండి. ఉదాహరణకు, తను చేస్తున్నది తనది కాదన్నట్టు మనసు విడిపోయినప్పుడే కెమెరా బయటికి రావాలి. నియమం లేకుండా మారిస్తే షాట్ దొరక్క మార్చారని ప్రేక్షకుడు ఇట్టే పసిగడతాడు.

3. వన్‌లైన్ ఆర్డర్‌ను (సీన్ల వరసను) తిరగేయడం

మాతృకలోని సీన్లన్నీ ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యంగా రాయండి. తర్వాత హంతకుడు లేని సీన్లన్నీ పక్కకు తీసేయండి. అవి మీ సినిమాలో లేవు. సాధారణంగా సగానికి పైగా కార్డులు పోతాయి, గుండె జారుతుంది. ఫర్వాలేదు. ఇప్పుడు ఆ తీసేసిన ప్రతి సీన్ జరుగుతున్నప్పుడు హంతకుడు ఎక్కడున్నాడో కొత్త కార్డు మీద రాయండి. మీ సినిమా ఎక్కువగా ఉండేది ఈ కొత్త కార్డుల్లోనే.

‘ది లాడ్జర్’లో ఒక సీన్ తీసుకుందాం. స్లూత్ ఇంట్లో లేనప్పుడు ఇంటావిడ అతని గదిలోకి వెళ్లి, తాళం వేసిన బీరువాను అటూ ఇటూ కదుపుతుంది. కింద నుంచి ఎర్రటి ద్రవం కారుతుంది. చూస్తే అది సిరా. నవలలో ఆ గది, ఆ భయం ఆమెవి. తిరగేస్తే ఈ సీన్‌లో హంతకుడు లేడు కాబట్టి కార్డు పోతుంది. దాని బదులు వచ్చేది: తిరిగి వచ్చిన మనిషి బీరువా తెరిస్తే సీసా ఒరిగిపోయి ఉంటుంది. చెక్క మీద తడి. నేల మీద తుడిచిన జాడ. ఎవరో వచ్చారు. మధ్యాహ్నం ఆమె భోజనం పళ్లెం పట్టుకొచ్చినప్పుడు మనం ఆమె ముఖం చూడం, వేళ్లు చూస్తాం, గోళ్ల దగ్గర ఎరుపేమైనా మిగిలిందా అని. ఇక్కడ ఉత్కంఠ చేతులు మారింది. మాతృకలో ‘ఇతనేనా?’ అని భయపడ్డ ప్రేక్షకుడు ఇప్పుడు ‘ఈమెకు తెలిసిపోయిందని ఇతనికి తెలిస్తే ఈమె గతేంటి?’ అని భయపడతాడు.

ప్రతి కార్డుకూ ఇలా రెండు ప్రశ్నలు వేయండి. ఇతనికి తెలియనిది ప్రేక్షకుడికి ఏం తెలుసు? ఇతనికి తెలిసి ప్రేక్షకుడికి తెలియనిది ఏమిటి? రెండింటికీ జవాబు ‘ఏమీ లేదు’ అయితే ఆ సీన్‌ను తీసేయండి. రీమేక్‌కు ఉన్న ఒక మేలు ఏమిటంటే మాతృక చూసినవాళ్లు మొదటి ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గర నుంచే తెచ్చుకుంటారు.

బాల్యం సీన్లు పెట్టాలని చేతులు దురద పెడతాయి. 1978 నాటి ‘హాలోవీన్’ ఆరేళ్ల పిల్లాడు ఎందుకు చంపాడో చెప్పదు. 2007లో రాబ్ జాంబీ రీమేక్ చేస్తూ ఆ పిల్లాడి ఇల్లు, బడి, తల్లితో ఉండే తాగుబోతు అన్నీ చూపించాడు. కారణం దొరికిన మరుక్షణం భయం సగమవుతుంది, ఆ రీమేక్ మొదటి భాగం చూస్తే అది తెలుస్తూనే ఉంటుంది. గతం తప్పదనుకుంటే ఒక వస్తువులో పెట్టండి. స్లూత్ తన గదిలోని ఆడవాళ్ల చిత్రపటాలను గోడవైపు తిప్పేస్తాడు. అతని గురించి తెలియాల్సింది చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

4. చూపును స్క్రిప్ట్‌లో రాయడం

మామూలు స్క్రిప్ట్ పేజీకి ఎడమ పక్కన ఒక నిలువు గడి గీయండి. ప్రతి డైలాగ్ ఎదురుగా హంతకుడు ఆ క్షణంలో దేన్ని చూస్తున్నాడో రాయండి. ‘ఆమె ముఖం’ అని వరసగా నాలుగుసార్లు వచ్చిందంటే రచన బద్ధకించినట్టే. మాట్లాడేవాళ్ల ముఖాన్నే ఎవరూ అదే పనిగా చూడరు. చూపు తాళంచెవి మీదికి, మెడ మీదికి, పక్క టేబుల్ మీద మొబైల్ వెలుగు మీదికి పోతుంది.

ఈ గడిలో మీ హంతకుడి స్వభావం బయటపడాలి. ఒకడు గదిలోకి రాగానే తలుపులు లెక్కపెడతాడు. ఇంకొకడు చెదిరిన వస్తువులు సర్దుతాడు. ఏదో ఒక అలవాటు పెట్టుకుని మొదటి పది పేజీల్లో కనీసం మూడుసార్లు చూపించండి. తర్వాత ఒక సీన్‌లో అతను ఆ పని చేయకపోతే ఏదో జరగబోతోందని ఒక్క నేపథ్య స్వరం కూడా లేకుండా ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

మనసులోని మాటను వాయిస్ ఓవర్‌గా పెట్టకండి. చూపుతో చెప్పలేకపోయిన చోటే అది అవసరమవుతుంది, అలాంటి చోట తిరగరాయడమే మేలు.

5. లెన్స్, ఎత్తు, నడక

ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. లెన్స్ అడ్డంగా సుమారు 74 డిగ్రీలు చూపిస్తుంది, 28 మి.మీ. 65, 35 మి.మీ. 54. పూర్తి కన్నుకు 24 నుంచి 28 మధ్య సరిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ అయితే 16 నుంచి 18 మి.మీ. అంతకంటే వెడల్పుకు వెళితే చెయ్యి చాపగానే అరచెయ్యి చేటంత కనిపించి జనం నవ్వుతారు. 35 దాటితే గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది, చేతులు ఫ్రేమ్‌లోకే రావు. ఫోన్‌తో తీస్తే మెయిన్ కెమెరాయే వాడండి, ఇంకా వెడల్పుగా చూపే 0.5 బటన్ జోలికి పోవద్దు.

కంటి మట్టం నడినెత్తికి 10 నుంచి 12 సెం.మీ. కింద ఉంటుంది. నటుడు 170 సెం.మీ. ఎత్తుంటే లెన్స్ మధ్యభాగం నేల నుంచి 158 నుంచి 160 సెం.మీ. దగ్గర ఉండాలి. కుర్చీలో కూర్చుంటే సుమారు 115 నుంచి 120. ఆపరేటివ్ కెమెరామన్ పొడగరి, నటుడు పొట్టి అయితే మూడో సీన్‌కల్లా తేడా కొడుతుంది. అందుకే ఎత్తు గుర్తు కోసం రంగు టేప్ అంటించిన కర్ర ఒకటి సెట్లో ఉంచండి.

హెల్మెట్‌కు కెమెరా బిగిస్తే సహజంగా ఉంటుందనుకోవడం పొరపాటు. మనం నడిచేటప్పుడు తల ఎంత ఊగినా కళ్లు వ్యతిరేక దిశలో కదిలి దృశ్యాన్ని నిలకడగా ఉంచుతాయి. హెల్మెట్ కెమెరాకు ఆ సర్దుబాటు లేదు. అందుకే మనకు ఎప్పుడూ కనిపించనంత కుదుపు అందులో కనిపించి చూసేవాళ్లకు తల తిరుగుతుంది. గింబల్ (కుదుపు తగలకుండా కెమెరాను నిలిపే మోటారు పిడి) అయితే ఇంకో చివరకు పోతుంది: నేలకు అడుగు ఆనని దయ్యం తేలుతున్నట్టుంటుంది. మధ్యేమార్గం ఇది. గింబల్‌లో రోల్‌ను (పక్కకు ఒరగడాన్ని) లాక్ చేయండి, పాన్ ఫాలో (చెయ్యి తిప్పిన వైపు కెమెరా తిరిగే) వేగం పెంచండి, ఆపరేటర్ మోకాళ్లు వంచకుండా మామూలుగా నడవాలి. అడుగుల కుదుపు కొద్దిగా మిగులుతుంది, అది కావలసిందే. అయినా ఎక్కువైతే ఎడిటింగ్‌లో స్థిరపరచవచ్చు, దానికి ఫ్రేమ్ చుట్టూ 10 నుంచి 15 శాతం కోత పడుతుంది. అందుకే 4కేలో తీసి 1080లో ఎడిట్ చేయండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 24 ఫ్రేముల వద్ద తీస్తుంటే షట్టర్ 1/50 (172.8 డిగ్రీలు) పెట్టండి, లేకపోతే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు మిణుకుతాయి. కళ్ల షాట్‌లో గదంతా తిరిగి చూస్తాం కాబట్టి ఏదో ఒక మూల అలాంటి బల్బు తప్పకుండా తగులుతుంది. తల తిప్పే వేగం విషయంలో పాత లెక్క ఒకటుంది: ఒక వస్తువు ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి ఏడు సెకన్ల కంటే తక్కువ పడితే 24 ఫ్రేముల దగ్గర బొమ్మ కొట్టుకుంటుంది. కాబట్టి నెమ్మదిగా తిప్పండి, లేదా పూర్తిగా చెరిగిపోయేంత విసురుగా తిప్పండి. మధ్య వేగమే చెడగొడుతుంది.

ఫోకస్‌కు లెన్స్ అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య పెట్టుకోండి. 24 మి.మీ. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 5.6 దగ్గర మూడున్నర మీటర్లకు ఫోకస్ పెడితే సుమారు 1.7 మీటర్ల నుంచి దూరం దాకా స్పష్టంగా ఉంటుంది. అరమీటరు దూరంలోని చేతులు మసకబారతాయి. దాన్ని లోపంగా చూడకండి. అతని ధ్యాస కత్తి మీదికి వచ్చిన క్షణంలోనే ఫోకస్ పుల్లర్ (ఫోకస్ తిప్పే మనిషి) ఫోకస్‌ను చేతి మీదికి లాగాలి. ఆటోఫోకస్‌ను ఆపేయండి, అది హంతకుడి కంటే ముందే ముఖాలు వెతుక్కుంటుంది.

6. చేతులు

పూర్తి కన్ను సినిమాలో నటన సగం చేతులదే. ‘హాలోవీన్’ మొదటి సీన్‌లో పిల్లాడి చేతులుగా కనిపించేవి నిర్మాత డెబ్రా హిల్‌వి. మొత్తం సీన్ ఒకే షాట్‌లా ఉంటుంది, పిల్లాడు ముసుగు తొడుక్కునే చీకట్లో కట్ దాచారు.

రెండు చేతులూ కావలసిన షాట్‌కు నటుడికే భుజం రిగ్ తొడిగి కెమెరాను కంటి మట్టానికి తేవడం మంచిది. ఒక చెయ్యి చాలితే ఆపరేటర్ గింబల్ పట్టుకుంటాడు, నటుడు అతని కుడి భుజానికి ఆనుకుని నిలబడి చెయ్యి చాపుతాడు. మోచెయ్యి లెన్స్ కింద నుంచి రావాలి. పక్క నుంచి వస్తే మూడో మనిషి చెయ్యిలా కనిపిస్తుంది, కొత్తవాళ్ల ఫుటేజీలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఎడమచేతికి డూప్ పెడితే చర్మపు రంగు, గోళ్ల పొడవు, వెంట్రుకలు, ఉంగరం, చొక్కా మడత అన్నీ కలవాలి. ప్రతి సీన్ చివర రెండు చేతులకూ ముందు, వెనక ఫొటోలు తీసి కంటిన్యుటీ పుస్తకంలో పెట్టండి.

7. అద్దం షాట్

ఇది మూడు రకాలుగా తీయవచ్చు.

అన్నిటికంటే చవకైనది ఏటవాలు పద్ధతి. నటుడి చెంప పక్కన కెమెరా ఉంచి, అద్దాన్ని గోడ నుంచి మూడు నాలుగు డిగ్రీలు తిప్పి, కెమెరా బొమ్మ అద్దం అంచు బయటికి పోయేలా చూస్తారు. నటుడు తన కళ్లలోకి తను చూసుకోకూడదు, అద్దంలో లెన్స్ కనిపించే వైపు చూడాలి. అప్పుడే ప్రేక్షకుడికి అతను తన కళ్లలోకే చూసుకుంటున్నట్టుంటుంది. దగ్గరి క్లోజప్‌కు ఇది పనికొస్తుంది.

రెండోది అసలు అద్దమే లేకపోవడం. గోడకు చట్రం మేర రంధ్రం కోసి, అవతల అదే గదిని కుడి ఎడమలు మార్చి కడతారు. నటుడు అవతల నిలబడతాడు, ఇవతల లెన్స్ కింద డూప్ చేతులు. ఇద్దరూ కలిసి కదలాలి కాబట్టి అంకెలు లెక్కపెడుతూ రిహార్సల్ చేయాలి. చొక్కా జేబు, పాపిడి, వాచీ అవతలి వైపుకు మార్చాలి. క్యాలెండర్, పేపర్ లాంటి అక్షరాలున్నవేవీ కనిపించకూడదు. చిన్న బాత్రూం సెట్ అయితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు ఒక రోజు పని.

మూడోది అద్దం మీద గ్రీన్ స్క్రీన్ అంటించి, అద్దంలోని బొమ్మను విడిగా తీసి కలపడం. కెమెరా కదలకుండా ఉంటేనే చవక. చేత్తో పట్టుకుని తీస్తే ట్రాకింగ్ (కెమెరా కదలికకు బొమ్మను సరిపెట్టే పని) ఖర్చు పెరుగుతుంది.

అనుకోని అద్దాలు అసలు తలనొప్పి. మన ఇళ్లలో స్టీలు బిందెలు, బీరువా తలుపు, దేవుడి పటాల గాజు, ఆఫ్ చేసిన టీవీ, ఎదుటివాళ్ల కళ్లజోడు, ప్రతిదాంట్లోనూ యూనిట్ కనిపిస్తుంది. రెక్కీ (లొకేషన్ చూసే) రోజునే ఫోన్‌తో ఆ దారంతా నడిచి వీడియో తీసి, పెద్ద స్క్రీన్ మీద చూడండి. నీడలూ అంతే. కెమెరా నీడ గోడ మీద పడితే అది మనిషి నీడలా ఉండాలి. వెనక నుంచి లైటు వేసినప్పుడు ఈ గొడవ వస్తుంది, అందుకే వెలుగు ఎదురుగా, పై నుంచి, సీన్‌లో కనిపించే బల్బుల నుంచే వచ్చేలా చూసుకోండి.

8. ఎదుటి నటులు లెన్స్‌ను చూడటం

లెన్స్ వైపు చూడకూడదని నటులు ఏళ్ల తరబడి నేర్చుకుని ఉంటారు. ఇప్పుడు చూడమంటున్నారు. రిహార్సల్‌లో హంతకుడి పాత్రధారి కెమెరా పక్కనే నిలబడి డైలాగ్ చెప్పాలి, చూపు మాత్రం లెన్స్ మధ్యలోకి పోవాలి. లెన్స్ అంచు పైన చిన్న తెల్ల టేప్ అంటిస్తే కొందరికి తేలిక. చూపు రెండు వేళ్ల మందం పక్కకు పోయినా ప్రేక్షకుడు హంతకుడి తలలోంచి బయటపడిపోతాడు.

బాధితురాలి పాత్రను రాయడంలో ఒక తప్పు పదేపదే కనిపిస్తుంది. హంతకుడికి ఆమె వేటగా కనిపిస్తుంది కదా అని స్క్రిప్ట్ కూడా ఆమెను అంతే చూస్తుంది. అతని చూపు ఆమెను ఎంత కుదించినా, ఆమె మాటల్లో అతనికి అందని జీవితం ఉండాలి: అతను పట్టించుకోని ఫోన్ కాల్, అతనికి అర్థంకాని జోక్. అతను వినిపించుకోని మాట ప్రేక్షకుడు వింటే చాలు, చూపు హంతకుడిదైనా సినిమా అతని పక్షం వహించదు.

9. హత్య సీన్

మామూలు సినిమాలో కత్తి శరీరానికి అవతలి పక్క నుంచి పోతుంది, కెమెరా కోణం మోసం చేస్తుంది. ఇక్కడ పొడిచే దిశ, చూసే దిశ ఒకటే కాబట్టి ఆ వెసులుబాటు లేదు. కానీ అదే దిశ వల్ల పొడవు కూడా తెలియదు. పిడికి మూడు నాలుగు సెం.మీ. మొద్దు మొన ఉన్న రబ్బరు ముక్క చాలు, చెయ్యి మిగతాదంతా కప్పేస్తుంది. దెబ్బ తగిలే క్షణానికి రెండు మూడు ఫ్రేముల ముందే కట్ చేయండి, లేదా చూపును బాధితుడి ముఖం మీదికి తిప్పేయండి.

అసలు లోహపు కత్తి మనుషులెవరూ ముందు లేని ఇన్సర్ట్ షాట్‌లోనే (వస్తువును విడిగా చూపే దగ్గరి షాట్‌లోనే) కనిపించాలి. షాట్ అయిన వెంటనే దాన్ని ఒక్క మనిషే తీసుకుని పెట్టెలో పెట్టాలి. లెన్స్ వెనకున్న ఆపరేటర్‌కు పక్కల ఏముందో కనిపించదు, కాబట్టి అతని నడుము పట్టుకుని నడిపించే మనిషి తప్పనిసరి. గొంతు నులిమే షాట్‌లో వేళ్లు కంఠం మీద కాకుండా మెడ కింద భుజాల వైపు పోయే కాలర్ బోన్ ఎముకల మీద ఆనాలి. లాగడం, పెనుగులాడటం బాధితుడి పాత్రధారి చేతిలో ఉండాలి, ఆపమనే సైగ ముందే అనుకోవాలి. ఫైట్ మాస్టర్ లేకుండా ఈ సీన్ పెట్టుకోకండి.

రక్తానికి: బేకరీ సామాన్ల షాపులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ 500 మి.లీ., గోరువెచ్చని నీళ్లు 100 నుంచి 150 మి.లీ., ఎర్ర ఫుడ్ కలర్ రెండు టీస్పూన్లు, కోకో పొడి ఒక టీస్పూన్, నీలం రంగు రెండు మూడు చుక్కలు. కోకోను ముందు కొంచెం నీళ్లలో కలిపితే ఉండలు కట్టదు. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి చూడండి: అంచు గులాబీ రంగుకు తిరిగితే కోకో పెంచాలి, గోధుమ రంగు కొడితే ఎరుపు పెంచాలి. నోట్లోకి పోని షాట్‌లకు నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే బట్టల మీద మరక తేలిగ్గా వదులుతుంది. ఒకే రకం చొక్కాలు మూడు కొనండి. రాత్రి ప్యాకప్ అప్పుడు నేల తడిగుడ్డతో తుడవకపోతే తెల్లారేసరికి సెట్టంతా చీమలే.

10. శబ్దం

హంతకుడి గొంతు అతనికే వినిపించినట్టుండాలి. మైకును నోటికి ఐదారు సెం.మీ. దూరంలో పెట్టి, గది ప్రతిధ్వని లేకుండా, కింది స్వరాలు కొద్దిగా పెంచి డబ్బింగ్‌లో తీసుకోండి. మిగతావాళ్ల మాటలకు గది గాలి ఉండాలి. ఈ తేడా ఒక్కటే ఎవరి తలలో ఉన్నామో చెప్పేస్తుంది.

ముసుగులోంచి బుసకొట్టే ఊపిరి అరిగిపోయింది. ఊపిరిని డైలాగ్ కంటే 12 నుంచి 15 డెసిబెల్స్ కింద పెట్టి, అతను ఊపిరి బిగబట్టినప్పుడు మాత్రం పూర్తిగా తీసేయండి. ఆ ఖాళీ బాగా పనిచేస్తుంది.

11. ఎడిటింగ్

ఈ తరహా సినిమాకు ఎదుటి యాంగిల్ లేదు. సీన్ మధ్యలో నెమ్మదిస్తే కోసి అవతలి ముఖానికి పోయే దారి ఉండదు. అందుకే సెట్లోనే ప్రతి సీన్‌ను రెండు వేగాల్లో తీయండి: అనుకున్న వేగంలో ఒకటి, దానికంటే బాగా తొందరగా ఇంకొకటి. ఎడిటింగ్ టేబుల్ మీద గెలిచేది ఎక్కువగా రెండోదే. వాటితో పాటు స్క్రిప్ట్ గడిలో రాసిన చూపులన్నీ విడిగా ఇన్సర్టులుగా తీసిపెట్టుకోండి.

కట్ దాచడానికి తల విసురుగా తిప్పడం, చీకటి గుమ్మం దాటడం, కళ్లు మూయడం ఉన్నాయి. కనురెప్ప పాటుకు మూడు నుంచి ఎనిమిది ఫ్రేముల నలుపు చాలు. మనిషి నిమిషానికి 15 సార్లకు పైగా రెప్ప వేస్తాడని అన్ని రెప్పలూ పెట్టకండి, ప్రొజెక్టర్ చెడిపోయిందనుకుంటారు. చూడటానికి అతను భయపడే క్షణానికే రెప్ప దాచుకోండి.

12. సర్టిఫికెట్, టెస్ట్ షో

థియేటర్‌కు వెళ్లేదైతే సీబీఎఫ్‌సీ (సెన్సార్ బోర్డు) దగ్గర ‘ఎ’ సర్టిఫికెట్‌కు సిద్ధపడండి. 2024 నిబంధనలతో యూఏలో 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి గానీ పూర్తి కన్నుతో తీసిన హత్యలకు అవి చాలవు. 1991 మార్గదర్శకాలు హింసను గొప్పగా చూపడాన్నీ, నేరం చేసే పద్ధతిని వివరంగా చూపడాన్నీ, ఆడవాళ్లను కించపరిచే దృశ్యాలనూ అభ్యంతరపెడతాయి. మీ సినిమా ఈ మూడింటి అంచునే నడుస్తుంది. తాళం ఎలా తీశాడు, జాడలు ఎలా తుడిచాడు అన్న వివరాన్ని చూపు పక్కకు తిప్పి దాటేయండి. వీలైతే ప్రతి హత్యకూ తేలికపాటి కట్ ఒకటి ముందే చేసి ఉంచుకోండి. ఓటీటీకి 2021 ఐటీ నిబంధనల కింద ‘ఎ’ రేటింగ్ వేసుకోవాలి. యూట్యూబ్‌లో పెడితే వయసు పరిమితి మీరే ఆన్ చేయండి, వాళ్లు చేసేదాకా ఆగితే వీడియోనే పోవచ్చు.

టెస్ట్ షోకు పదిమంది చాలు, సగంమంది మాతృక చూసినవాళ్లు, సగంమంది చూడనివాళ్లు. లైట్లు వేయగానే ‘బాగుందా’ అని అడగకండి. ఎక్కడ తల తిరిగింది, ఎక్కడ ఫోన్ చూశారు, ఏ క్షణంలో హంతకుడు దొరికిపోవాలని కోరుకున్నారు, ఏ క్షణంలో దొరక్కూడదని కోరుకున్నారు అని కాగితం మీద రాయించండి. చివరి రెండు జవాబులూ ఉన్న కాగితాలు ఎక్కువుంటే రంగుల పనికి (కలర్ గ్రేడింగ్‌కు) పంపండి. ‘దొరక్కూడదు’ అన్న జవాబు ఒక్కటే ఉంటే ఎనిమిదో మెట్టుకు తిరిగెళ్లి బాధితురాలి మాటలు మళ్లీ రాయండి. ‘దొరికిపోవాలి’ ఒక్కటే ఉంటే అతని అలవాటు తెర మీదికి రాలేదని అర్థం, నాలుగో మెట్టు గడిలో రాసిన చూపులకు తీసిన ఇన్సర్టులు వెతకండి. తల తిరిగినవాళ్లు ముగ్గురు దాటితే ఆ షాట్‌ను స్థిరపరచండి, కుదరకపోతే వెన్నంటి చూపుతో మళ్లీ తీయడానికి ఒక రోజు కాల్ షీట్ ముందే అట్టిపెట్టుకోండి.